పాత ట్రక్కు ఈసీఎం: బాగు చేయించాలా, మార్చేయాలా?

ముందొక మాట. ఈసీఎం, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్ మాడ్యూల్, పోయిందని మెకానిక్ అనగానే విప్పేయకండి. బ్యాటరీ ఓల్టేజీ, ఎర్త్ వైర్లు, కనెక్టర్ పిన్నులు చూడండి. తుప్పు పట్టిన ఎర్త్ కూడా అచ్చం అలాగే ఏడిపిస్తుంది.

లోపం నిజంగా మాడ్యూల్‌లోనే ఉంటే, ఉన్నదాన్నే బాగు చేయించడానికి నా ఓటు. పాత సర్క్యూట్ బోర్డుల్లో తరచూ పోయేవి కెపాసిటర్లు (కరెంటు నిల్వ చేసే చిన్న భాగాలు): ఎండిపోతాయి, లేదా కారి రాగి గీతల్ని తినేస్తాయి. వేడికి, కుదుపులకి టంకం అతుకులు చిట్లుతాయి. చెయ్యి తిరిగినవాడికి ఇవన్నీ బాగయ్యేవే. పైగా మీ బండి ప్రోగ్రామ్, అందులో దాచిన నంబర్లు అలాగే ఉంటాయి. ఇబ్బందల్లా, అది తిరిగొచ్చేదాకా బండి కదలదు. బెంచ్ మీద కరెంటు లోడ్ పెట్టి, వేడెక్కించి పరీక్షిస్తారా అని అడగండి. నీళ్లు నమిలితే వేరేవాళ్లని చూసుకోండి.

సెకండ్ హ్యాండ్ మాడ్యూల్ త్వరగా దొరకొచ్చు. కానీ పార్ట్ నంబరు కలవాలి, చాలావాటికి మళ్లీ ప్రోగ్రామింగ్ తప్పదు. అదీ మీదాని వయసుదే కదా, దాని కెపాసిటర్లూ అంతే ముసలివి! బోర్డు కాలిపోతేనో, ప్రాసెసర్ పోతేనో మాత్రం ఇదే దారి. అప్పుడూ పాతదాన్ని పారేయొద్దు, అందులోని డేటా కొత్తదానికి ఎక్కించే వీలుండొచ్చు.