టై పోయింది, తంటా మిగిలింది: లగ్జరీ క్రూయిజ్‌లలో రాత్రి భోజనం డ్రెస్ కోడ్

మేమిద్దరం, అంటే నేనూ మా ఆయనా, చాలా ఏళ్లుగా సెలవు దొరికితే ఓడ ఎక్కేస్తున్నాం. సాయంత్రం ఆరు దాటాక ఏం వేసుకోవాలో ఓడవాళ్లే చెప్పే రోజులు చూశాం, మీ ఇష్టం అనే రోజులూ చూస్తున్నాం. కాబట్టి ఇది ఏ ఒక్క ఓడ గురించో రాస్తున్న సమీక్ష కాదు. లగ్జరీ క్రూయిజ్‌లలో రాత్రి భోజనానికి ఉండే డ్రెస్ కోడ్‌ని ఇన్నేళ్లు పాటించిన మనిషిగా దాని గురించే రాస్తున్నాను. నా తీర్పు ముందే చెప్పేస్తాను. నియమాలు సడలిన కొద్దీ మా ఆయన పెట్టె తేలికైంది, నా పెట్టె బరువెక్కింది.

పాత పద్ధతి చూడనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. వారం రోజుల ప్రయాణంలో రెండు మూడు ఫార్మల్ రాత్రులు ఉండేవి. మగవాళ్లకు డిన్నర్ జాకెట్ (అదే టక్సీడో), బో టై. అవి లేకపోతే ముదురు రంగు సూటు, టై. ఆడవాళ్లకు నేల దాకా గౌను, లేదా దానికి సాటివచ్చేది ఏదైనా. తమ దేశపు సంప్రదాయ దుస్తులు వేసుకున్నా, సైనికులు యూనిఫాంలో వచ్చినా మర్యాదే. మిగతా రాత్రుల్లో కొన్నిటికి జాకెట్ ఉంటే చాలు, కొన్నిటికి అదీ అక్కర్లేదు. ఏ రాత్రి ఏ రకమో ముందే తెలిసిపోయేది. నేను రెండు గౌన్లు పెట్టుకునేదాన్ని, అంతే. మా పాత ఫోటోలు వరసగా పెట్టి చూస్తే ప్రతి ప్రయాణంలోనూ అదే నల్ల గౌను కనిపిస్తుంది. ఒక్కరంటే ఒక్కరు కూడా ఏమీ అనలేదు. గది గదంతా నలుపులో ఉన్నప్పుడు ఎవరిది ఏ నలుపో ఎవరికి పడుతుంది?

ఇందులో ఒక ముచ్చట ఉంది. పెద్ద ఓడలు సముద్రం దాటించే రోజుల్లో, ఫస్ట్ క్లాసు వాళ్లు కూడా మొదటి రాత్రి, చివరి రాత్రి ముస్తాబై భోజనానికి వచ్చేవాళ్లు కాదు. మొదటి రాత్రికి ట్రంకు పెట్టెలు ఇంకా విప్పి ఉండరు, చివరి రాత్రికి మళ్లీ కట్టేసి ఉంటారు. ట్రంకులు పోయాయి, ఆ అలవాటు మాత్రం పోలేదు. ఇప్పటికీ ఎక్కిన రోజు రాత్రి ఫార్మల్ పెట్టరు, ఎందుకంటే సూట్‌కేసులు క్యాబిన్‌కి చేరేసరికి ఒక్కోసారి భోజనం వేళ అవుతుంది. దిగే ముందు రాత్రీ పెట్టరు, ఎందుకంటే పెట్టెలు సర్దేసి కారిడార్‌లో పెట్టేయాలి. కొత్తగా వెళ్లేవాళ్లు ఈ రెండు రాత్రుల గురించి అస్సలు టెన్షన్ పడక్కర్లేదు.

మార్పు ఒక్క రోజులో రాలేదు. నార్వేజియన్ క్రూయిజ్ లైన్ 2000లో ఫ్రీస్టైల్ పేరుతో భోజనానికి నిర్ణీత టైమూ లేదు, నిర్ణీత టేబులూ లేదు, టై కూడా లేదు అంది. అది లగ్జరీ కంపెనీ కాదు కాబట్టి పెద్ద కంపెనీలు పట్టించుకోనట్టే ఉన్నాయి. ఓషియానియా అనే కంపెనీ మొదటి నుంచీ జాకెట్, టై అడగకుండానే మంచి భోజనం పెట్టింది. అసలు కుదుపు 2015లో వచ్చింది. ఆ ఏడాది సెలబ్రిటీ అనే క్రూయిజ్ కంపెనీ ఫార్మల్ రాత్రులు తీసేసి, ఈవెనింగ్ చిక్ పేరుతో కొంచెం సడలిన పద్ధతి పెట్టింది. హాలండ్ అమెరికా కంపెనీ ఫార్మల్ రాత్రుల బదులు గాలా నైట్స్ అంది. వైకింగ్ కంపెనీ తన మొదటి సముద్ర నౌక వైకింగ్ స్టార్‌ని అదే ఏడాది దించుతూ ఫార్మల్ రాత్రులన్నవే పెట్టలేదు. తర్వాత కొత్తగా వచ్చిన లగ్జరీ ఓడలు, అంటే హోటల్ పేరుతో 2022లో మొదలైన రిట్జ్-కార్ల్‌టన్ యాట్‌లు, వాటి తర్వాత 2023లో వచ్చిన ఎక్స్‌ప్లోరా, ఇవన్నీ అసలు ఆ ఊసే ఎత్తలేదు. రీజెంట్ కంపెనీ ఓడల్లో రోజూ ఎలిగెంట్ క్యాజువల్, అంటే టై తప్పనిసరి కాని నీటైన బట్టలు. సుదీర్ఘ ప్రయాణాల్లో మాత్రం కొన్ని రాత్రులు ఫార్మల్ ఆప్షనల్, అంటే ఇష్టమైతేనే ముస్తాబు.

కారణాలు వెతకడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. ఓడ దగ్గరికి విమానంలో వెళ్తాం, ఎకానమీ టికెట్టుకి చాలా చోట్ల 23 కిలోల పెట్టె ఒక్కటే. టక్సీడో, దాని బూట్లు, గౌను, దాని చెప్పులు పెడితే ఇక మిగిలేదెంత? ఆఫీసులకే టై కట్టుకోవడం మానేశాక సెలవుల్లో ఎవరు కడతారు? వీటికి తోడు ఓడ లోపలి ఏర్పాటు కూడా మారింది. ఒకప్పుడు రెండంతస్తుల భోజనశాల ఒకటే, అందరూ చెప్పిన వేళకి అక్కడికే రావాలి. ఇప్పుడు ఐదారు చిన్న రెస్టారెంట్లు, ఎవరి వేళకి వాళ్లు. అందరూ ఒకేసారి మెట్లు దిగే చోటే లేనప్పుడు ముస్తాబు ఎవరి కోసం?

ఇక అసలు విషయం, ఎలిగెంట్ క్యాజువల్. వినడానికి హాయిగా ఉంటుంది. మగవాళ్లకి నిజంగానే హాయి. కాలర్ చొక్కాలు నాలుగు, మంచి ప్యాంట్లు రెండు, కావాలంటే ఒక బ్లేజర్. మా ఆయన పది నిమిషాల్లో సర్దేస్తారు, తర్వాత నా వైపు జాలిగా చూస్తారు. నాకేమో రోజూ రాత్రి ఒక డ్రెస్ కావాలి. అది గౌనంత ఆడంబరంగా ఉండకూడదు, పగలు ఊరు చూడ్డానికి వేసుకున్నదిలా ఉండకూడదు. రంగురంగుల బట్టల్లో అయితే నిన్నటిదే ఇవాళ వేసుకుంటే ఇట్టే తెలిసిపోతుంది. డ్రెస్‌కి తగ్గ చెప్పులు, చెప్పులకు తగ్గ బ్యాగు. పాత రోజుల్లో వారంలో రెండు రాత్రులు కష్టపడితే సరిపోయేది, ఇప్పుడు ఏడు రాత్రులూ కొద్దికొద్దిగా కష్టపడాలి. దీన్ని సడలింపు అన్నవాళ్లు ఆడవాళ్ల పెట్టె ఎప్పుడూ సర్ది ఉండరు.

చివరికి నేను కనిపెట్టిన ఉపాయం, అన్నీ ఒకే రంగు కుటుంబంలో పెట్టుకోవడం. ముదురు నీలం ప్యాంట్లు రెండు, వాటి మీదికి పట్టులాంటి బ్లౌజులు, నలగని నిట్ డ్రెస్ ఒకటి. పెద్ద స్కార్ఫ్ ఒకటి తప్పనిసరి, ఎందుకంటే ఓడ భోజనశాలల్లో ఏసీ ఎవరి మీదో పగ తీర్చుకుంటున్నట్టు ఉంటుంది. చెప్పుల విషయంలో సన్నని హీల్ మానేశాను. ఓడ కొంచెం ఊగుతున్న రాత్రి, నున్నటి పాలరాయి మెట్ల మీద సన్న హీల్‌తో దిగడం ధైర్యం కాదు, మొండితనం. వెడల్పు మడమ ఉన్నవి, ఇంటి దగ్గరే నాలుగు రోజులు నడిచి అలవాటు చేసుకున్నవి పెట్టుకోండి.

ఇస్త్రీ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దీని గురించి టికెట్ అమ్మేవాళ్లు చెప్పరు. క్యాబిన్‌లోకి ఇస్త్రీ పెట్టె, బట్టల ముడతలు తీసే స్టీమర్ తెచ్చుకోనివ్వరు. నిప్పు భయం. సామాను స్కానింగ్‌లో దొరికితే తీసుకుని దిగేటప్పుడు ఇస్తారు. సూట్ అనే పెద్ద గది తీసుకున్నవాళ్లకి బట్లర్ ఇస్త్రీ చేయించి పెడతాడు. మిగతావాళ్లు డబ్బు కట్టి లాండ్రీకి వేయాలి, లేదా ఓడలో లాండ్రీ గది ఉంటే అక్కడికి పోవాలి. గాలా ఉన్న రోజు మధ్యాహ్నం ఆ గది ముందు కుళాయి దగ్గర బిందెల వరసలా ఉంటుంది జనం. ఎక్కిన మర్నాడు పొద్దున్నే వెళ్తే ఎవరూ ఉండరు, అన్నీ ఒకేసారి ఇస్త్రీ చేసి హ్యాంగర్‌కి తగిలించేయొచ్చు.

పాత పద్ధతిని ఇంకా గట్టిగా పట్టుకున్న పెద్ద పేరు కునార్డ్ కంపెనీ. 2004లో మొదలైన వాళ్ల క్వీన్ మేరీ 2 ఓడలో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కి ఏడు రాత్రుల ప్రయాణం. అక్కడ కూడా సడలింది. ఒకప్పుడు మూడు ఫార్మల్ రాత్రులు ఉండేవి, ఇప్పుడు గాలా ఈవెనింగ్స్ పేరుతో రెండు. మామూలు రాత్రుల్లో స్మార్ట్ అటైర్, టై అక్కర్లేదు, జాకెట్ విషయంలోనూ మునుపటి పట్టింపు లేదు. కానీ ఆ రెండు రాత్రులు మాత్రం సాయంత్రం ఆరు నుంచి బ్లాక్ టై (అంటే డిన్నర్ జాకెట్, బో టై) లేదా ముదురు సూటే. నలుపు తెలుపుల రాత్రి అనో, మాస్కుల రాత్రి అనో ఒక థీమ్ కూడా ఉంటుంది. థీమ్ పాటించకపోయినా ఎవరూ అడగరు, సూటు ఉంటే చాలు.

ఇక్కడ నాకు నచ్చింది ఆ కట్టుబాటు కాదు, దానికి వాళ్లు గీసిన గీత. ముస్తాబు ఇష్టం లేనివాళ్లు ఎక్కడ కూర్చోవచ్చో పేర్లతో సహా చెప్తారు. కింగ్స్ కోర్ట్ బఫే ఉంది, గోల్డెన్ లయన్ పబ్ ఉంది, క్యాసినో ఉంది. ఒక ప్రయాణంలో మా ఆయనకి ఒంట్లో బాగాలేక, గాలా రాత్రి మేం స్వెట్టర్లతో పబ్‌లో కూర్చుని తిన్నాం. ఎవరూ మమ్మల్ని వింతగా చూడలేదు, మాకూ మొహమాటం అనిపించలేదు. మర్నాటి గాలాకి క్వీన్స్ రూమ్ అనే డాన్స్ హాల్లో ఆర్కెస్ట్రా వాయిస్తుంటే గది నిండా నల్ల కోట్లు, పొడవాటి గౌన్లు. ఆ దృశ్యం అందరూ కలిసి వేసుకుంటేనే వస్తుంది.

ఒక్క హెచ్చరిక. న్యూయార్క్ నుంచి సౌతాంప్టన్ వైపు వచ్చేటప్పుడు గడియారాన్ని మధ్యాహ్నం పన్నెండుకి ఒక గంట ముందుకి తిప్పుతారు. ఆ గంట సరిగ్గా జుట్టు ఆరబెట్టుకునే గంటలోంచి పోతుంది. తీరిగ్గా ముస్తాబవ్వాలనుకునేవాళ్లు న్యూయార్క్ వైపు వెళ్లే ప్రయాణమే తీసుకోండి. అటు వెళ్తుంటే చాలా రోజులకి ఇరవై ఐదు గంటలు.

గాలాలో అందం అందరూ కలిసి ముస్తాబవ్వడంలో ఉంది కాబట్టే ఫార్మల్ ఆప్షనల్ అన్న ఏర్పాటు నాకు రుచించలేదు. ఇష్టమున్నవాళ్లు వేసుకోండి, లేనివాళ్లు వద్దు అంటే చెప్పడానికి ఉదారంగా ఉంటుంది. గదిలోకి వెళ్తే సగం మంది మెరిసిపోతూ, సగం మంది పోలో చొక్కాల్లో. మెరిసేవాళ్లు అతిగా వచ్చామేమో అని ముడుచుకుపోతారు, పోలో చొక్కా వాళ్లు తక్కువగా వచ్చామేమో అని నవ్వలేక నవ్వుతారు. డబ్బు కట్టాం, మా ఇష్టం అనే వాదనతో నాకు పేచీ లేదు. కానీ ఆ రాత్రి కోసమే డబ్బు కట్టినవాళ్లు కూడా అదే గదిలో ఉంటారు కదా.

నియమం పెట్టి చూసీ చూడనట్టు వదిలేస్తే ఇంకా చికాకు. ఒక చిన్న ఖరీదైన ఓడలో (పేరు చెప్పను) కాగితం మీద రాత్రి జీన్స్ వద్దని స్పష్టంగా ఉంది. మా ముందు నిలబడ్డాయన శుభ్రమైన ముదురు జీన్స్, బ్లేజర్ వేసుకొచ్చాడు. గుమ్మం దగ్గర ఆపి, చాలా మర్యాదగా వెనక్కి పంపారు. మేం కూర్చున్న కాసేపటికి పై డెక్‌లో సూట్ గది తీసుకున్న ఇంకొకాయన షార్ట్స్‌లో నడిచొచ్చాడు, ఆయనకి కుర్చీ లాగి మరీ కూర్చోబెట్టారు. ఆ రాత్రి మా టేబుల్ దగ్గర భోజనం గురించి ఎవరూ మాట్లాడలేదు, షార్ట్స్ గురించే మాట్లాడారు. వడ్డించే కుర్రాళ్ల తప్పు కాదు, పైనుంచి వాళ్లకి ఏం చెప్పారో పాపం వాళ్లకే తెలియాలి.

ఎవరికి ఏది నప్పుతుందంటే, ముస్తాబంటే ప్రాణం అయితే కునార్డ్ ఒక్కసారైనా ఎక్కండి, గాలా రాత్రుల తేదీలు చూసుకుని. ముస్తాబంటేనే ఒళ్లు మంట అయితే ఓషియానియా, వైకింగ్ లాంటివి చూడండి. అక్కడా చొక్కా ప్యాంటు మర్యాదగా ఉండాలి, వైకింగ్‌లో అయితే రాత్రి భోజనానికి జీన్స్ వద్దంటారు, అంతకు మించి ఏమీ లేదు. ధ్రువాల వైపు వెళ్లే ఎక్స్‌పెడిషన్ ఓడల్లో ఈ చర్చే ఉండదు. పగలంతా రబ్బరు బూట్లతో మంచులో తిరిగొచ్చినవాళ్లని గౌను వేసుకోమని ఎవరంటారు?

కంపెనీలని నేను అడిగేది ఒక్కటే. ఏ రాత్రి ఎలాంటిదో, ఆ రాత్రి ముస్తాబు లేకుండా ఎక్కడ తినొచ్చో, డబ్బు కట్టించుకోకముందే బుకింగ్ పేజీలో చూపించండి. చాలా చోట్ల ఈ వివరం డబ్బు మొత్తం కట్టేశాక, ప్రయాణానికి కొన్ని వారాల ముందు వచ్చే పీడీఎఫ్‌లో ఎక్కడో చివరి పేజీల్లో ఉంటోంది. కొన్ని ఓడల్లో అయితే గాలా ఏ రోజో క్యాబిన్‌లో పెట్టిన కాగితం చూస్తేగానీ తెలియడం లేదు. అప్పటికి పెట్టె సర్దేసి ఉంటాం.