ఎండలో తెడ్డు వేసేవారికి ఓఆర్‌ఎస్ పొట్లం ఎంతవరకు పనికొస్తుంది

మందుల దుకాణంలో పాతిక రూపాయలకు అటూ ఇటూగా దొరికే ఓఆర్‌ఎస్ పొట్లానికి సమీక్ష అవసరమా అని ఎవరైనా అడగవచ్చు. విరేచనాలైన పిల్లలకు పట్టించే వస్తువుగానే మనలో చాలామందికి అది తెలుసు. మండుటెండలో కయాక్ (తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవ) నడిపేవారికి అది ఎక్కడ అక్కరకు వచ్చిందో, ఎక్కడ చేతులెత్తేసిందో నా అనుభవంలో తెలిసినంతవరకు ఇక్కడ రాస్తున్నాను.

2025 ఏప్రిల్ చివరివారంలో నేనూ మా తమ్ముడూ వికారాబాద్ జిల్లాలోని కోట్‌పల్లి జలాశయానికి వెళ్ళాము. పక్కనే అనంతగిరి కొండలున్నాయి కనుక చల్లగా ఉంటుందన్న భ్రమ ఒకటి, నీళ్ళ మీద ఉన్నవాళ్ళకు ఎండ అంతగా తగలదన్న భ్రమ మరొకటి మాకు ఉండేవి. ఏడింటికల్లా పడవలో ఉండవలసినవాళ్ళం దారిలో టిఫిను దగ్గర తాత్సారం చేసి, పది దాటాక ఇద్దరు కూర్చునే కయాక్ ఎక్కాము. తప్పు పూర్తిగా మాదే. నీటి మీద గాలి తగులుతూ ఉంటుంది కాబట్టి ఎండ తీవ్రత ఒంటికి తెలియదు. పైనుంచి సూర్యుడు కాస్తుంటే, నీటి మీద పడిన వెలుగు కొంత తిరిగి ముఖానికే కొడుతుంది. లైఫ్ జాకెట్ బిగించుకున్నచోట చెమట పడుతుందే తప్ప ఆరదు, చెమట ఆరితేనే గాని ఒళ్ళు చల్లబడదు. అలాగని నీటి మధ్యలో ఆ జాకెట్ విప్పడానికీ లేదు, ఎందుకంటే కళ్ళు తిరిగి నీళ్ళలో పడే మనిషికి అదే ఆధారం.

గంటన్నర గడిచేసరికి ముందు కూర్చున్న తమ్ముడి తెడ్డు లయ తప్పింది. ఎండదెబ్బ తొలి లక్షణం తలనొప్పో వికారమో అని పుస్తకాల్లో చదువుతాము గాని, నాకు మొదట కనిపించింది వాడి మౌనం. రెండుసార్లు పలకరించాక, "అక్కా, తల దిమ్ముగా ఉంది, కడుపులో తిప్పుతోంది" అన్నాడు. చెయ్యి పట్టుకుంటే చెమటతో తడిసి చల్లగా ఉంది, నాడి వడివడిగా కొట్టుకుంటోంది. మా దగ్గర ఓఆర్‌ఎస్ అన్న అక్షరాలు పేరులో ఉన్న తీయని పానీయం రెండు అట్టడబ్బాలు ఉన్నాయి. వాడు ఒకటి గటగటా తాగేశాడు. పది నిమిషాలైనా నోరు పిడచకట్టుకుపోవడం తగ్గలేదు సరికదా, వికారం ఇంకా పెరిగింది. వాణ్ణి తెడ్డు పక్కన పెట్టమని చెప్పి, టోపీనీ చొక్కా చేతులనూ నీళ్ళలో తడిపించి, నేనొక్కదాన్నే పడవను గట్టుకు చేర్చాను.

గట్టున చెట్టునీడలో పడుకోబెట్టి, జాకెట్ విప్పి దాన్నే కాళ్ళ కింద ఎత్తుగా పెట్టి, మెడకూ చంకలకూ తడి తువ్వాలు చుట్టి విసురుతూ కూర్చున్నాను. నా చేతిసంచిలో ఎప్పటిదో అసలైన ఓఆర్‌ఎస్ పొట్లం ఒకటి దొరికింది. దాన్ని లీటరు నీళ్ళలో కలిపి గుక్కగుక్కగా తాగించాను. అరగంటకు లేచి కూర్చున్నాడు. ఇందులో పొట్లం పాలెంత, నీడా తడిగుడ్డల పాలెంత అని నన్ను అడిగితే పెద్దపీట నీడకే వేస్తాను. మాట తడబడినా, మనిషి అయోమయంలో పడినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ ముదిరిన స్థితి. ఒంటి వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటే ఆ దశలో నోట్లో ఏమీ పోయకుండా, ఒళ్ళంతా తడుపుతూ 108కి ఫోన్ చేయవలసిందే.

ఇంటికి వచ్చాక ఆ అట్టడబ్బా మీది అక్షరాలు తీరిగ్గా చదివాను. లీటరుకు లెక్క కడితే చక్కెర వంద గ్రాములు దాటింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరుకు ఉండవలసిన గ్లూకోజ్ 13.5 గ్రాములు మాత్రమే. దానితోపాటు ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు కలిపి మొత్తం 20.5 గ్రాముల పొడి. చిన్నపేగులో ఉప్పులోని సోడియం, గ్లూకోజ్ చేయీచేయీ పట్టుకుని లోపలికి పోతూ తమతోపాటు నీటిని లాక్కుపోతాయి. చక్కెర మితిమీరితే నీరు ఒంట్లోకి పోవడానికి బదులు పేగులోకే వస్తుంది. ఈ మోసపు పేర్ల మీద హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడి, తెలంగాణ హైకోర్టు దాకా వెళ్ళారు. చివరకు 2025 అక్టోబరులో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆ సూత్రానికి సరిపోని పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడరాదని ఆదేశించింది. ఆ వార్త చదివినప్పుడు మా తమ్ముడి ముఖమే నా కళ్ళముందు మెదిలింది. పెద్దవాడికే అలా అయితే, నీళ్ళవిరేచనాలైన పసివాళ్ళ మాటేమిటి? 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు కలరాతో పిట్టల్లా రాలిపోతుంటే, పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శిబిరంలో దిలీప్ మహలనబిస్ అనే వైద్యుడు ఇలాంటి ఉప్పు, గ్లూకోజ్ నీళ్ళతోనే వేలమందిని బతికించిన చరిత్ర ఈ పొట్లానిది.

ఆ తరువాత పడవ ఎక్కిన ప్రతిసారీ ఈ పొట్లాలను వెంట తీసుకెళ్ళాను కాబట్టి వాటి లోపాలు కూడా బాగానే తెలిశాయి. అన్నిటికన్నా పెద్ద చిక్కు కొలత. పెద్ద పొట్లం లీటరు నీళ్ళకు ఉద్దేశించినది, పడవలో మన దగ్గరుండే సీసా అరలీటరుదో ముప్పాతిక లీటరుదో అయి ఉంటుంది. పొట్లమంతా ఆ సీసాలో గుమ్మరిస్తే ద్రావణం చిక్కనై మేలుకు బదులు కీడు చేస్తుంది, అలాగని సగం పొట్లం వాడి మిగతాది మడిచి పెడితే నీటి తడికి గంటలో ముద్దకడుతుంది. రెండువందల మిల్లీలీటర్లకు సరిపడే చిన్న పొట్లాలు కూడా దొరుకుతాయి, వెల కొంచెం ఎక్కువ పడినా పడవకు అవే అనువైనవి. లేదంటే ఇంటి దగ్గరే లీటరు కలిపి తెచ్చుకోవాలి. కలిపినదాన్ని మాత్రం 24 గంటలు దాటితే పారబోయాలి.

రెండో ఇబ్బంది రుచిది. చల్లగా ఉంటే ఫరవాలేదు గాని, ఎండలో వేడెక్కిన ఓఆర్‌ఎస్ నీళ్ళు వికారంతో ఉన్న మనిషికి గొంతు దిగవు. సీసాకు తడిగుడ్డ చుట్టి, గుడ్డ ఆరినప్పుడల్లా మళ్ళీ తడుపుతూ ఉంటే కుండలో నీళ్ళ మాదిరిగా కొంత చల్లగా ఉంటాయి. నారింజ రుచిది మా తమ్ముడికి నచ్చలేదు, నాకు రుచి కలపనిదే మేలనిపించింది.

గంటలోపు తెడ్డు వేసి వచ్చేవారికి ఇవేవీ అక్కరలేదు, మంచినీళ్ళు చాలు. అంతకు మించి ఎండలో ఉంటే పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు చొప్పున తాగాలి గాని, దాహమయ్యాక ఒక్కసారిగా లీటర్లకు లీటర్లు పట్టించకూడదు. గంటకు 1.4 లీటర్లు మించితే రక్తంలో సోడియం పలచబడే ప్రమాదం ఉంటుంది. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ కూడా మంచిదే, నాకైతే ఎక్కువ ఇష్టం. కొబ్బరినీళ్ళలో పొటాషియం మెండుగా ఉన్నా, చెమటతో పోయే సోడియం తక్కువ. రక్తపోటు, మూత్రపిండాల జబ్బు, గుండెజబ్బు ఉన్నవారు వైద్యుణ్ణి అడిగాకే ఓఆర్‌ఎస్ వాడాలి. జేబులో ఉల్లిపాయ పెట్టుకుని వెళ్ళమని మా అమ్మమ్మ చెప్పేది. పెట్టుకుంటే తప్పేమీ లేదు, దాన్ని నమ్ముకుని టోపీ మరవనంత వరకు.

పొట్లం మీద నాకున్న అసలు ఫిర్యాదు దాని తయారీ గురించి కాదు, దాన్ని మనం కవచంలా భావించడం గురించి. అది పోయిన ఉప్పునూ నీటినీ తిరిగి ఇస్తుందే తప్ప ఒంట్లో చేరిన వేడిని తీయదు. వేడిని తీసేవి నీడ, తడి, గాలి, విశ్రాంతి. ఎండకు శరీరం అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది కనుక, ఏడాదికొకసారి ఏసీ గదిలోంచి లేచి నేరుగా కయాక్ ఎక్కే నాలాంటివారికి ఏ పొట్లమూ ఆ లోటు పూడ్చలేదు. అందుకే వస్తువుగా దీనికి అయిదుకు నాలుగు మార్కులు ఇస్తున్నాను, తగ్గించిన ఒకటి కొలత చిక్కుకు. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే రోజుల్లో మాత్రం మేమిద్దరం ఇప్పుడు తెల్లవారుతూనే నీళ్ళలో దిగి, ఎనిమిదిన్నరకల్లా గట్టెక్కి, ఆ తరువాతే టిఫినుకు వెళుతున్నాము.