మెదడుకు ఏది మేలు: ఫిల్టర్ కాఫీనా, ఇన్‌స్టంటా?

మతిమరుపు రాకుండా ఏ కాఫీ కాపాడుతుందని చాలామంది అడుగుతున్నారు. రెండింట్లోనూ మెదడు మీద ముఖ్యంగా పనిచేసేది కెఫీనే. అందుకని ముందు కప్పులోకి ఎంత దిగుతోందో లెక్క చూడాలి.

ఫిల్టర్‌లో 20 గ్రాముల 80:20 పొడి వేస్తే అందులో కాఫీ 16 గ్రాములే. మిగతాది చికోరీ అనే వేయించిన వేరు పొడి, దానిలో కెఫీన్ ఉండదు. కాఫీ గింజల్లో అరబికా రకంలో కెఫీన్ సుమారు 1.2 శాతం, రోబస్టా రకంలో దాదాపు రెట్టింపు. అంటే మొత్తం డికాషన్‌లో అరబికా అయితే సుమారు 190 మిల్లీగ్రాములకు మించదు, రోబస్టా అయితే 350 దాకా పోవచ్చు. చికోరీ ఎక్కువైతే డికాషన్ నల్లగా, చిక్కగా దిగుతుంది; రంగు చూసి స్ట్రాంగ్ అనుకుంటే పొరపాటే. చికోరీ కలవని ఇన్‌స్టంట్‌లో 2 గ్రాములకు 60 మిల్లీగ్రాములు అటూఇటూ. కొలత విషయంలో ఇన్‌స్టంటే నమ్మకం.

అయినా నా దృష్టిలో అసలు తేల్చేది పొడి కాదు, తాగే వేళ. ఒంట్లో కెఫీన్ సగానికి తగ్గడానికి సగటున 5 గంటలు పడుతుంది. సాయంత్రం 6కి 100 మిల్లీగ్రాములు తాగితే రాత్రి 11కి ఇంకా 50 మిగిలే ఉంటాయి. నిద్రమత్తు తెచ్చే అడెనోసిన్‌ను అది అడ్డుకుంటూనే ఉంటుంది. "నాకు తాగినా నిద్ర పడుతుంది" అనేవాళ్లకు కూడా గాఢనిద్ర తగ్గుతుంది. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో పడుకునే 6 గంటల ముందు 400 మిల్లీగ్రాములు తీసుకున్నవారికి గంటకు పైగా నిద్ర తగ్గింది. పగటి జ్ఞాపకాలు కుదురుకునేది నిద్రలోనే కదా!

ఫిన్లాండ్‌లో నడివయసులో రోజుకు 3 నుంచి 5 కప్పులు తాగినవారిలో తర్వాత డిమెన్షియా (మతిమరుపు జబ్బు) తక్కువగా కనిపించింది. బ్రిటన్‌లో 6 కప్పులు దాటినవారిలో ఎక్కువగా కనిపించింది. రెండూ పరిశీలనలే, రుజువులు కావు. ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు 400, గర్భిణులకు 200 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పిన హద్దు.

పొద్దున రెండు కప్పులు అరబికా ఫిల్టర్ కాఫీ, మధ్యాహ్నం 2 తర్వాత ఏమీ వద్దు: నా ఓటు దీనికే. సాయంత్రం నాలుక ఆగకపోతే డీకాఫ్, అంటే కెఫీన్ దాదాపు తీసేసిన కాఫీ, తాగొచ్చు. టీలో కెఫీన్ తక్కువే గానీ దానికీ ఇదే వేళ నియమం.

సాయంత్రం కప్పు ఒక్కసారిగా మానితే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలవ్వొచ్చు. మూడు రోజులకోసారి పావు వంతు చొప్పున డికాషన్ తగ్గించి, ఆ మేరకు పాలు పెంచండి.