గుర్రాల కింద కొబ్బరి పొట్టు: మూడేళ్లు దాటాక రాస్తున్న రివ్యూ

పొట్టు ఎంత నీరు పీలుస్తుంది, బస్తా ఎంత, ఎన్ని అంగుళాల మందం వేయాలి, ఇవన్నీ అమ్మేవాళ్లే చెప్పేస్తారు, నేను వాటి జోలికి పోను. నేను రాసేది ఒక్క విషయం కోసం. మా మల్లి పడుకుంటోంది. గుర్రం పడుకుంటే అది కూడా ఒక వార్తేనా అని నవ్వేవాళ్లుంటారు, మా అత్తగారే నవ్వారు, గుర్రాలు నుంచునే నిద్దరోతాయంట కదండీ అల్లుడు గారూ అని. అది సగమే నిజం. కాళ్ల కీళ్లు బిగించేసుకుని నుంచుని కునుకు తీస్తాయి, దానికి వాటి కాళ్లలో ఏర్పాటే వేరు. కానీ అసలు గాఢనిద్ర, కలలొచ్చే నిద్ర ఉంటుంది చూడండి, ఆర్ఈఎం (REM) అంటారు, అది పట్టాలంటే ఒళ్లంతా సడలిపోవాలి, సడలితే నుంచోలేదు, కాబట్టి పడుకోవాల్సిందే. రోజుకి ముక్కలు ముక్కలుగా అరగంట నుంచి గంట చాలు. అదీ లేకుండా కొన్ని రోజులు లాగించేస్తుంది, ఆ తర్వాతే మొదలవుద్ది అసలు గొడవ.

మల్లి తెల్లది, కాఠియావాడీ పోలిక, చెవుల కొసలు రెండూ లోపలికి తిరిగి ఒకదానికొకటి తగుల్తా ఉంటాయి. పెళ్లి ఊరేగింపులకి తిప్పేవాళ్ల దగ్గర కొన్నాను. మనిషంటే భయం లేదు, డప్పు కొట్టినా బాణాసంచా కాల్చినా కదలదు, పిల్లలకి రైడింగ్ నేర్పడానికి ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాం. ఇదంతా కోనసీమలో కొత్తపేట, రావులపాలెం మధ్యన మా మకాంలోనే, సాయంత్రం పూట చుట్టుపక్కల పిల్లలు వస్తారు. (మా జిల్లాల్లో ఇప్పటికీ గుర్రం అంటే కాటన్ దొర విగ్రహం కింద ఉండేదే గుర్తొస్తుంది జనానికి, బతికున్న గుర్రాన్ని చూసి కరుస్తుందా అని అడుగుతారు.) కొన్నాళ్లకి లెస్సన్‌లో ట్రాట్‌కి, అంటే చిన్న పరుగుకి, రాగానే ముందు కాళ్లు తడబడ్డం మొదలైంది. గర్త్, అంటే పొట్ట కింద జీను పట్టీ, బిగిస్తుంటే చెవులు వెనక్కి పెట్టి పళ్లు చూపించేది. ముందు కాళ్ల గిట్టల పైన, కణుపు దగ్గర, రెండు పక్కలా వెంట్రుకలు ఊడిపోయి పుండ్లు, మానినట్టే మాని మళ్లీ చెక్కు లేచిపోయేవి. బయటి నుంచి వచ్చిన కోచ్ ఒకాయన చూసి దీనికి బద్ధకం అండి, డొక్కకి కాలు గట్టిగా వేయండి, చేతిలో బెత్తం ఉంచండి అన్నాడు. గిట్టలు చెక్కించాం, లాడాలు మార్పించాం. డాక్టరు గారు కాళ్లు చూశారు, కళ్లు చూశారు, మా వైపు గేదెల చుట్టూ జోరీగలు ఎక్కువ కదా, వాటి వల్ల వచ్చే సర్రా జబ్బేమో అని రక్తం కూడా పరీక్షకి పంపారు. ఏమీ లేదు.

చివరికి చావిట్లో ఒక చవక కెమెరా పెట్టాను, దొంగల కోసం పెట్టుకునేది. రాత్రి రెండు దాటాక చూస్తే తల మెల్లగా దిగుతోంది, దిగుతోంది, గడ్డం ఇంచుమించు నేలకి ఆనిపోయింది, కింది పెదవి వేలాడిపోయింది, ఉన్నట్టుండి ముందు మోకాళ్లు రెండూ మడతపడిపోయి దబ్బున ముందుకి కూలబడి, మళ్లీ ఉలిక్కిపడి లేచి నుంచుంది. కణుపులు సిమెంటుకి ఒరుసుకున్నాయి. కాసేపటికి మళ్లీ అదే. తెల్లారేదాకా అదే. ఒక్కసారి కూడా పడుకోలేదు. పగలు ట్రాట్‌లో తడబడ్డం బద్ధకం కాదు, నిద్ర లేక తూగడం. డాక్టరు గారికి వీడియో పంపితే ఆయన కూడా అదే చెప్పారు, నేల సంగతి చూడండి ముందు అని.

నేల సంగతంటే మాకు పెద్ద చిక్కు. మట్టి నేల ఉంచుదామంటే వానాకాలం రెండడుగులు తవ్వితే ఊట, నల్లమట్టి జావ జావ అయిపోద్ది, అందుకే సిమెంటు. సిమెంటు మీద రబ్బరు మ్యాటు వేస్తే ఉచ్చ మ్యాటు కిందకి పోయి అమ్మోనియా కంపు, గుర్రం రోజుకి పది లీటర్ల దాకా పోస్తుంది మరి, కిందకి వంగితే మనకే కళ్లు మండేవి, అందులో ముక్కు పెట్టి పడుకోమంటే అదెలా పడుకుంటుంది. వరిగడ్డి వేస్తే పరుపు కాస్తా మేత అయిపోయింది, తెల్లారేసరికి ఖాళీ. ఊక వేస్తే జారిపోయి మధ్యలో సిమెంటు తేలేది.

కొబ్బరి పొట్టు ఆలోచన మా దగ్గర గుర్రాలు చూసుకునే బాబాయ్‌ది. అంబాజీపేట వైపు వెళ్తుంటే పీచు ఫ్యాక్టరీల పక్కన పొట్టు గుట్టలు గుట్టలుగా పడుంటుంది కదా, ఆవిడ, అంటే బాబాయ్ భార్య, కోళ్ల గూట్లో అదే వేస్తుంది, కంపు రాదు, ఒక ట్రాక్టరు తోలిద్దాం అన్నాడు. 2022 ఎండాకాలంలో తోలించాం. జానెడు మందం వేసి నీళ్లు చిలకరించి తొక్కించాం. మొదటి రోజుల్లో ఏమీ లేదు, వాసన చూసేది, కాలితో గీరేది, నుంచునేది. ఒకరోజు తెల్లారగట్ల బాబాయ్ ఫోను, అరుపులు, బాబూ మల్లి పోయిందండీ, కాళ్లు చాపేసిందండీ అని. లుంగీ మీదే బండెక్కి వెళ్లాను. నేను వెళ్లేసరికి లేచి నుంచుని దాణా కోసం తలుపు తంతోంది. ఎడమ పక్క చెంప దగ్గర్నుంచి తుంటి దాకా బూడిద పూసినట్టు గోధుమ రంగు పొట్టు, జూలు నిండా పొట్టు. కెమెరా చూస్తే మూడు చుట్లు తిరిగి, ముందు మోకాళ్లు వంచి, ఒళ్లు వదిలేసి పడిపోయింది. కాసేపు రొమ్ము మీద కూర్చుని తర్వాత పక్కకి వాలి నాలుగు కాళ్లూ చాపేసింది. పెదవులు అదురుతున్నాయి, వెనక గిట్ట పరిగెడుతున్నట్టు చిన్నగా తన్నుకుంటోంది. బాబాయ్‌కి ఇరవయ్యేళ్లుగా గేదెలే తెలుసు, గుర్రం అలా పడుకోవడం ఆయన ఎప్పుడూ చూళ్లేదు, నేనూ చూళ్లేదు.

ఆ తర్వాత పుండ్లు మానాయి, వెంట్రుకలు వచ్చాయి, ఇప్పుడు చేత్తో తడిమితే తప్ప మచ్చ తెలీదు. గర్త్ దగ్గర కొరకడం పోయింది. లెస్సన్‌లో కాలు వెయ్యి కాలు వెయ్యి అని పిల్లల మీద అరిచే పని తగ్గింది, పిల్ల కొంచెం పిక్క ఆనిస్తే చాలు కదులుతోంది, దాంతో పిల్లలు కూడా కుదురుగా కూర్చోవడం నేర్చుకుంటున్నారు. గుర్రం మొండికేస్తే రైడరు కాళ్లు, చేతులు అన్నీ బిగుసుకుపోతాయి, అప్పుడు ఎంత కోచింగ్ ఇచ్చినా ఎక్కదు. నాకైతే ఏ జీనూ ఏ కళ్లెమూ ఇవ్వని తేడా కింద వేసిన పొట్టు ఇచ్చిందనిపిస్తుంది.

అయితే ఇక్కడ ఒకటి చెప్పాలి. ఆ నెలలోనే పక్క గదిలోకి ఇంకో గుర్రం వచ్చింది, బుల్లోడు అంటాం, కుర్రది. గుంపులో గుర్రాలు పడుకునేటప్పుడు ఒకటి నుంచుని కాపలా కాస్తుంది, ఒంటరిగా ఉన్న గుర్రానికి పడుకోవడానికి ధైర్యం చాలదు. కాబట్టి మల్లి పడుకోవడంలో పొట్టు వాటా ఎంత, బుల్లోడి వాటా ఎంత అంటే తూకం వేసి చెప్పలేను. ఆ జూలైలో గోదావరికి వరదొచ్చింది కదా, ధవళేశ్వరం దగ్గర మూడో హెచ్చరిక 17.75 అడుగులకే ఇస్తారు, అది దాటేసి పాతిక లక్షల క్యూసెక్కుల పైన వదిలారు, లంకలన్నీ మునిగాయి, పొట్టు గుట్టలన్నీ నానిపోయి ఎక్కడా ఎండుది దొరకలేదు. అన్ని రోజులూ మళ్లీ ఊకే వేశాం. మల్లి ఊక మీద కూడా పడుకుంది, కానీ రొమ్ము మీద కూర్చోవడమే, పక్కకి వాలి కాళ్లు చాపుకోవడం దాదాపు లేదు. పొట్టు రాగానే మళ్లీ చాపుకుంది. అందుకని పడుకునే ధైర్యం బుల్లోడు ఇచ్చాడు, చాపుకునే సుఖం పొట్టు ఇచ్చింది అని నేను సరిపెట్టుకున్నాను.

ఇప్పుడు కోపం సంగతి. ఒకసారి మామూలుగా ఇచ్చేవాళ్ల దగ్గర సరుకు లేక సముద్రం వైపు నుంచి ఇంకొకళ్ల దగ్గర ఒక లోడు తీసుకున్నాం. చూడ్డానికి బానే ఉంది, కాస్త పీచు ఎక్కువ. వేసిన మర్నాడే బుల్లోడు నేలకి మూతి పెట్టి నాకడం, తర్వాత నమలడం. కొబ్బరి డొక్కలు ఉప్పునీటి కయ్యల్లో నానబెట్టిన సరుకది, పొట్టులో ఉప్పు అలాగే ఉండిపోయింది, కడగలేదు, అడిగితే మాత్రం కడిగిందే అన్నారు. ఉప్పు రుచికి తిన్నాడు, పీచుతో సహా. సాయంత్రానికి దాణా వదిలేశాడు, ఉలవల గుగ్గిళ్లు కూడా ముట్టలేదు, డొక్కవైపు తల తిప్పి తిప్పి చూసుకోవడం, కాలితో నేల గీరడం, పేడ లేదు. గుర్రానికి వాంతి రాదు, లోపల ఏది అడ్డం పడినా పైకి వచ్చే దారే లేదు, అదే భయం. డాక్టరు గారు వచ్చేసరికి గుండె నిమిషానికి అరవై దాటి కొట్టుకుంటోంది, మామూలుగా 28 నుంచి 44 మధ్య ఉండాలి. డొక్కకి చెవి ఆనిస్తే ఎప్పుడూ వినపడే గుడగుడలు ఒక పక్క అసలు లేవు. ముక్కులోంచి గొట్టం వేసి ముందు కడుపులో ఏమన్నా నిలిచిపోయిందేమో చూసి, తర్వాత లిక్విడ్ పారాఫిన్, నీళ్లు ఎక్కించారు, మెడకి సెలైన్ పెట్టారు. రాత్రంతా బాబాయ్, నేను వంతులేసుకుని కాపలా. తెల్లారాక నాలుగు ఉండలు పేడ వేశాడు, నూనె మెరుస్తా. నేను ఇంట్లోవాళ్లకి ఆ పేడ ఫొటో తీసి పంపాను, మా ఆవిడ ఇప్పటికీ తిడుతుంది.

అప్పట్నుంచీ లోడు దింపే ముందే చూస్తాం. కడియం నర్సరీ వాళ్ల దగ్గర ఈసీ మీటరు ఉంటుంది, మొక్కలకి పొట్టు కలిపేటప్పుడు ఉప్పు ఎంతుందో చూస్తారు, తెలిసినాయన దగ్గర ఒకటి తెచ్చుకున్నాను. ఒక గ్లాసు పొట్టు నీళ్లలో నానబెట్టి, వడకట్టి మీటరు ముంచడమే. కడిగిన సరుకైతే ఒకటి లోపే చూపిస్తుంది, కడగంది అంతకు చాలా రెట్లు పోద్ది. ఒకటి దాటితే ట్రాక్టరు వెనక్కే. గదికొక సైంధవ లవణం గడ్డ కూడా వేలాడదీశాం, నాక్కోడానికి.

మొదట్లో అందరికీ దుమ్ము లేదు దుమ్ము లేదు అని చెప్పుకు తిరిగేవాణ్ణి. అది తడిగా ఉన్నంతసేపే. రోహిణి కార్తెలో పైపొర ఎండిపోయి గుర్రం కాలు పెడితే ఎగురుతుంది, బుల్లోడికి దగ్గు కూడా వచ్చింది, ఎండాకాలం పొద్దున్నా సాయంత్రం నీళ్లు చల్లాల్సిందే. వానాకాలం దీనికి తలకిందులు, గాల్లో తేమకే పొట్టు చెమ్మగిల్లి ఉంటుంది. మొదటి సంవత్సరం గిట్టలు బాగుపడ్డాయి అని పొంగిపోయాను కానీ, రెండో వానాకాలం మల్లి వెనక కాలి ఫ్రాగ్ (గిట్ట అడుగున మధ్యలో ఉండే మెత్తటి భాగం) పక్క గాడిలో నల్లగా, కుళ్లిన గుడ్డు వాసనతో థ్రష్, అంటే గిట్ట కుళ్లు, మళ్లీ వచ్చింది. రోజూ గిట్టలు గోకి శుభ్రం చెయ్యడం, తడి మచ్చ పడ్డచోట పారతో తీసి ఎండుది వెయ్యడం, ఈ రెండూ మానితే పొట్టు ఏమీ కాపాడదు. పైగా పొట్టు ముదురు రంగులో ఉంటుంది కాబట్టి తడి ఎక్కడుందో కంటికి కనపడదు, చెప్పులు తీసి కాలితో తొక్కి చూడాలి, బాబాయ్ అలాగే చూస్తాడు.

పెళ్లి గుర్రాలు పెట్టుకున్నవాళ్లకి మాత్రం నేను చెప్పను. ఉచ్చ, పొట్టు కలిసి తెల్ల గుర్రం మీద టీ మరకలా పట్టేస్తుంది, షాంపూకి పోదు. మల్లిని ఒకసారి మాకు తెలిసినాళ్ల పెళ్లికి అడిగితే, తుంటి మీద మరక కనపడకుండా పట్టు గుడ్డ పొడుగ్గా కప్పి పంపాం.

వాడేసిన పొట్టు మాత్రం ఎక్కడా పోగు పడదు. ఉత్తి పొట్టు కుళ్లడానికి ఏళ్లు పడుతుంది గానీ పేడ, ఉచ్చ కలిశాక త్వరగానే మాగుతుంది, కుప్పేసి బరకం కప్పి మా కొబ్బరి చెట్ల పాదుల్లోకే వేస్తున్నాం, మిగిలింది నర్సరీ వాళ్లు అడిగి పట్టుకెళ్తారు.

మొత్తానికి కొనొచ్చా అంటే, మాకు పీచు ఫ్యాక్టరీ కూతవేటు దూరం, ట్రాక్టరు కిరాయి తప్ప పెద్ద ఖర్చు లేదు, రోజూ తడి తీసే మనిషున్నాడు, గుర్రాలు నాలుగే. అందుకే మాకు కుదిరింది. రాజమండ్రి దాటి అవతల మెట్ట వైపు ఉన్నవాళ్లయితే, అక్కడ నేల ఎండుది, ఇసక గానీ మంచి మట్టి గానీ వేసి రెండు గుర్రాల్ని పక్కపక్కన కడితే చాలేమో, ఇంత దూరం లోడు తోలించుకోనక్కర్లేదు. గుర్రం రాత్రిళ్లు పడుకుంటోందో లేదో మాత్రం కెమెరా పెట్టి చూసుకున్నాకే ఏదన్నా కొనండి. తీసుకునేవాళ్లు జూన్‌లోపే ఎండు సరుకు బస్తాలకెత్తి ఎత్తు మీద పెట్టుకోండి, వరదలప్పుడు ఎంతిస్తానన్నా దొరకదు. మా చావిట్లో ఇప్పుడు మూడు గదుల్లో పొట్టే, నాలుగో దానికి దగ్గు అలవాటు కాబట్టి దానికి ఇంకా ఊకే వేస్తున్నాం.