సెన్సర్లు మార్చాలంటున్నారా? ముందు వాటికి కరెంటు అందుతోందో లేదో చూడమనండి

కారుకు పార్కింగ్ సెన్సర్లు విడిగా కొని బిగించుకున్నవారు, అవి సరిగా పనిచేయక మళ్లీ దుకాణానికి బయలుదేరుతున్నవారు దయచేసి ఇది చదివి వెళ్లండి. నేను నాలుగు సెన్సర్లు, ఒక కంట్రోల్ బాక్సు అనవసరంగా కొన్నాను. చెడిపోయింది వాటిలో ఏదీ కాదు.

బిగించిన కొత్తలో బాగానే మోగింది. రెండు నెలలు దాటాక రివర్స్ గేరు వేస్తే ఒకసారి పలికేది, ఒకసారి మూగబోయేది. వాన కురిసిన మర్నాడు అసలు ఉలుకూ పలుకూ ఉండేది కాదు. బిగించిన చోటికే తీసుకెళ్తే సెన్సర్లు పోయాయని నాలుగూ మార్చారు. పది రోజులకు మళ్లీ మొదటికొచ్చింది. ఈసారి బాక్సు పోయిందన్నారు, అదీ మార్చారు. ఇంత జరిగినా ఒక్కరూ వోల్టులు కొలిచే మీటరు చేతపట్టలేదు. నా బాధంతా అక్కడే.

నాలుగు సెన్సర్లు ఒకే రోజు పోవడం చాలా అరుదు. ఒకటి పోతే సాధారణంగా ఆ ఒక్క వైపే తేడా తెలుస్తుంది. దాని ప్లగ్గును పక్కదాని స్థానంలోకి మార్చి చూస్తే లోపం సెన్సర్‌తోపాటు కదులుతుందో లేదో తేలిపోతుంది. మొత్తం వ్యవస్థే ఆగి ఆగి పనిచేస్తుంటే ముందుగా అనుమానించాల్సింది దానికి వచ్చే కరెంటును.

చివరికి వేరే ఎలక్ట్రీషియన్ దగ్గరకు వెళ్లాను. విడిగా అమ్మే సెన్సర్లకు చాలావరకు రివర్స్ లైటు వైరు నుంచే కరెంటు ఇస్తారు. ఆయన బాక్సు ప్లగ్గు ఊడదీసి ఆ వైరు మీద మీటరు పెడితే 12.4 వోల్టులు చూపించింది. అంతా బాగున్నట్టే అనిపించింది. ప్లగ్గు పెట్టి మళ్లీ చూస్తే 7 దగ్గరకు జారిపోయింది. మీటరు తనకోసం తీసుకునే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ, కాబట్టి వైరులో ఒక్క పోగు ఆనుతున్నా అంకె నిండుగా కనిపిస్తుంది. లోడు పడితేనే, అంటే బాక్సు కరెంటు వాడుకుంటున్నప్పుడే, అసలు రంగు బయటపడుతుంది. లోడు లేకుండా కొలిచి ‘కరెంటు వస్తోంది’ అని ఎవరైనా అంటే ఆ మాట నమ్మకండి.

డిక్కీలో లైటు వెనక మూత తీశాడు. రివర్స్ లైటు వైరును కోయకుండా, పైతొడుగు మీద నొక్కి బిగించే ప్లాస్టిక్ క్లిప్పుతో కలిపారు. దాన్ని విప్పితే లోపల రాగి అంతా పచ్చగా చిలుము పట్టింది, రెండో మూడో పోగులు మాత్రమే ఆనుతున్నాయి. ముందు రెండుసార్లు మార్చినప్పుడు వైరు అటూ ఇటూ కదిలి, కొన్నాళ్లు సరిగ్గా ఆనుకుని ఉంటుంది. అందుకే ప్రతిసారీ బాగైనట్టు కనిపించింది. బాక్సు నుంచి వచ్చే నల్ల ఎర్త్ వైరునైతే కారు రేకు మీది రంగు గీకకుండానే స్క్రూ కింద బిగించారు! బాక్సు పనిచేస్తుండగా బ్యాటరీ నెగటివ్‌కూ ఆ నల్ల వైరుకూ మధ్య కొలిస్తే 0.2 వోల్టు కూడా దాటకూడదు. నా కారులో ఒక వోల్టు దాటింది. ఆయన రేకు మెరిసేదాకా గీకి ఎర్త్ బిగించాడు, పాత క్లిప్పు తీసేసి వైరుకు టంకం వేశాడు.

మరొక సంగతి. కొన్ని కార్లలో రివర్స్ లైటుకు కరెంటు ఏకధారగా కాక తునకలు తునకలుగా వస్తుంది. అలాంటి చోట నేరుగా కలిపితే బాక్సు తికమకపడుతుంది. మీ కారు ఎలాంటిదో తెలిసినవారి చేతే కలిపించండి. ఫ్యూజు పోతుంటే అంతకన్నా పెద్దది మాత్రం వేయనివ్వకండి, వైరు కాలిపోతుంది. మీరే పరీక్షించాలనుకుంటే ఇంజిన్ ఆపి, చక్రాలకు అడ్డుపెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, తాళం మాత్రం తిప్పి చూడండి.

తీసేసిన సెన్సర్లు ఇమ్మంటే పారేశామన్నారు. పాత బాక్సు మాత్రం పట్టుబట్టి తెచ్చుకున్నాను. మరమ్మతు అయ్యాక దాన్నే తగిలించి, రివర్స్ గేరు వేసి, గోడ దగ్గరకు మెల్లగా తీశాను. మొదటి రోజు మోగినట్టే మోగింది.