ఒకే గిటారులో మూడు జతల పికప్‌లు: జతగా కొనాలా, విడిగా ఏరుకోవాలా

రెండు హంబకర్ పికప్‌లున్న ఇండోనేషియా తయారీ గిటారు ఒకటి నా దగ్గర ఎనిమిదేళ్లుగా ఉంది. పికప్ అంటే తీగల కింద ఉండి, వాటి కదలికను కరెంటు సంకేతంగా మార్చే అయస్కాంతపు చుట్ట. హమ్ అనే గుయ్యిమనే మోతను అణచడానికి రెండు చుట్టలు పెట్టినది హంబకర్. ఆదివారాలు రాజోలు దగ్గర మా ఊరి చర్చిలోనూ, పెళ్లిళ్ల రోజుల్లో కోనసీమంతా తిరిగే ఒక ఆర్కెస్ట్రాలోనూ దానినే వాయిస్తాను. దాని నెక్, ఫ్రెట్లు నా చేతికి బాగా అలవాటు పడిపోయాయి కాబట్టి గిటారు మార్చాలని ఎప్పుడూ అనిపించలేదు. నచ్చనివి పికప్‌లు మాత్రమే. గడిచిన ఏడాదిన్నరలో అందులో మూడు జతలు బిగించి చూశాను. మొదటిది రెండు వేర్వేరు కంపెనీల నుంచి నేనే ఏరి కలిపినది, రెండవది సేమోర్ డంకన్ వారి ఫిఫ్టీ నైన్ జత, మూడవది అదే కంపెనీ జేబీ, జాజ్ అనే రెండు వేర్వేరు నమూనాలను ఒకే పెట్టెలో పెట్టి అమ్మే జత. ఇప్పుడు గిటారులో ఉన్నది మూడవదే. పికప్‌లు కొనబోయేవారికి ఆ నిర్ణయం కన్నా దానికి వెళ్లిన దారి ఎక్కువ ఉపయోగపడుతుందనుకుని, మూడింటి సంగతీ రాస్తున్నాను.

జత అంటే ఏమిటో మొదట చెప్పుకోవాలి. తీగ కదలిక నెక్ దగ్గర వెడల్పుగానూ, తీగల కింది చివర ఆనుకునే బ్రిడ్జి దగ్గర చాలా తక్కువగానూ ఉంటుంది. అందువల్ల ఒకే రకం పికప్‌లను రెండు చోట్లా బిగిస్తే నెక్ వైపుది పెద్దగా, బరువుగా పలుకుతుంది. బ్రిడ్జి వైపుది సన్నబడుతుంది. ఈ తేడాను సరిదిద్దడానికే తయారీదారులు బ్రిడ్జి పికప్‌కు రాగి తీగను మరికొన్ని చుట్లు ఎక్కువ చుడతారు. స్విచ్ ఒక వైపు నుంచి మరొక వైపుకు మారినప్పుడు శబ్దం రంగు మారాలే గాని, పాట మధ్యలో గిటారు ఒక్కసారిగా దూరంగా వెళ్లిపోయినట్టు వినిపించకూడదు. జత అన్న మాటలో ఉన్న హామీ ఇదే. రెండింటి మీదా ఒకే పేరు ఉండాలన్నది అందులో లేదు. నేను ఈ సంగతిని చాలా ఆలస్యంగా గ్రహించాను.

మొదటిసారి నెక్ కోసం ఒక కంపెనీ తయారు చేసిన పాత పద్ధతి పికప్‌నూ, బ్రిడ్జి కోసం మరొక కంపెనీ తయారు చేసిన బలమైన పికప్‌నూ తెప్పించాను. విడివిడిగా రెండింటికీ మంచి పేరుంది, ఆ పేరు సబబైనదే. క్రిస్మస్ రిహార్సల్‌కు రెండు రోజుల ముందు నేనే టంకం వేసి బిగించుకున్నాను. నెక్ ఒక్కటే పెడితే శ్రావ్యంగా ఉంది, బ్రిడ్జి ఒక్కటే పెడితే దిట్టంగా ఉంది. రెండూ కలిసి పలికేలా స్విచ్‌ను మధ్యకు తెచ్చేసరికి మాత్రం బేస్ అంతా మాయమై, పాత ట్రాన్సిస్టర్ రేడియోలోంచి వచ్చినట్టు డొల్లగా, ముక్కుతో పాడినట్టు వినిపించింది. చర్చిలో నేను ఎక్కువగా వాడేది ఆ మధ్య స్థానాన్నే.

మర్నాడు చించినాడ వంతెన దాటి పాలకొల్లు వెళ్లి, యాంప్లిఫయర్లు, కీబోర్డులు బాగుచేసే ఒక పెద్దాయన ముందు గిటారు పెట్టాను. ఆయన వెనక మూత తీసి, ఒక్కొక్క పికప్ తీగలను విడదీసి మల్టీమీటర్‌కు తగిలించారు. తర్వాత ఒక ఇనుప స్క్రూడ్రైవర్‌ను పికప్ మీద అడ్డంగా ఆనించి చటుక్కున పైకి లాగారు. నెక్ పికప్‌కు మీటరులో అంకె ఒక్క క్షణం పైకి లేచి మళ్లీ సర్దుకుంది. బ్రిడ్జి పికప్‌కు అదే పని చేస్తే అంకె కిందికి పడి లేచింది.

“రెండూ మంచివేనబ్బాయ్. ఎవడికి వాడు గట్టివాడే. కలిపేసరికి ఒకడు లాగుతుంటే ఇంకొకడు తోస్తున్నాడు,” అన్నారు.

“మరి ఏది తిప్పాలి బాబాయ్?”

“నెక్‌ది ముట్టుకోకూడదు. దానికి లోపల ఒకటే వైరు, పైన జల్లెడలాంటి అల్లిక. ఆ అల్లిక పికప్ మూతకు అంటుకుని ఉంది. తిప్పామంటే మూతంతా లైన్‌లోకి వచ్చేసి, చెయ్యి తగిలినప్పుడల్లా గుయ్యిమంటుంది. బ్రిడ్జిదానికి నాలుగు వైర్లున్నాయి కదా, దాన్ని తిప్పుదాం.”

ఆయన చేసిన పని ఐదు నిమిషాలది. బ్రిడ్జి పికప్‌లో వాల్యూమ్‌కు వెళ్లే వైరునూ, ఎర్త్‌కు వెళ్లే వైరునూ తారుమారు చేసి, కవచంగా ఉన్న ఒట్టి వైరును మాత్రం ఎర్త్‌లోనే ఉంచారు. మధ్య స్థానం ప్రాణం పోసుకుంది. వేర్వేరు కంపెనీల పికప్‌లు కలపాలనుకునేవారు మీటరు, స్క్రూడ్రైవర్లతో ఈ పరీక్షను టంకం వేయకముందే చేసుకోవాలి. పికప్‌లలో కనీసం ఒకదానికైనా నాలుగు వైర్లు ఉండేలా చూసుకుంటే, తేడా వచ్చినా దిద్దుకునే దారి ఉంటుంది. వైర్ల రంగులను నమ్ముకుని ఊహించడం మాత్రం పనికిరాదు. సేమోర్ డంకన్‌లో వాల్యూమ్‌కు వెళ్లేది నలుపు, డిమార్జియో అనే మరో కంపెనీవాటిలో ఎరుపు. ఆకుపచ్చ రెండింటిలోనూ ఎర్త్‌కే వెళుతుంది. ఒకరి పటం చూసి మరొకరి పికప్‌ను అతికిస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

అంతా సరిపోయిందనుకున్నా, ఆ జత నా గిటారులో రెండు నెలలే నిలిచింది. ఈసారి లోపం ఫేజ్‌లో, అంటే రెండు పికప్‌ల సంకేతాలు ఒకే దిశలో సాగడంలో కాదు, బలంలో. బ్రిడ్జి పికప్ ఉరిమేది, నెక్ పికప్ దాని పక్కన గుసగుసలాడేది. బ్రిడ్జి పికప్‌ను బాగా కిందికి దించితే శబ్దం సమానమైంది గాని, దానిని ఏ పదును కోసం కొన్నానో ఆ పదునే పోయింది. కొనేటప్పుడు నేను చూసుకున్నది ఓముల లెక్క, అంటే చుట్టలోని తీగ నిరోధం ఒక్కటే. ఆ లెక్క ఒకే మందం తీగ, ఒకే రకం అయస్కాంతం ఉన్న పికప్‌ల మధ్య పోలికకే కొంత పనికొస్తుంది. సన్నటి తీగ చుడితే, శబ్దం ఆ మేరకు పెరగకపోయినా, ఓములు పెరిగిపోతాయి.

రెండవ జత ఫిఫ్టీ నైన్. నెక్ వైపుది సుమారు ఏడున్నర కిలో ఓములు, బ్రిడ్జి వైపుది సుమారు ఎనిమిది; రెండింటిలోనూ ఆల్నికో 5 అయస్కాంతమే. గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ అనే ఇంజనీరు 1955లో పేటెంటుకు దరఖాస్తు చేసిన హంబకర్‌ను, అది 1957 నుంచి గిటార్లలో పలికిన తీరును ఆదర్శంగా పెట్టుకుని చేసిన పికప్ ఇది. ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. ఈ రోజు జనం ఆరాధించే ఆ పాత గిటార్లలోని పికప్‌లను ఎవరూ జత కట్టలేదు. నెక్‌కు వేరు, బ్రిడ్జికి వేరు అన్న విభజనే అప్పట్లో లేదు. చుట్ల సంఖ్య ఒక్కొక్క దానికి ఒక్కొక్క రకంగా ఉండేది, అయస్కాంతాల రకమూ మారుతూ ఉండేది. చేతికి అందిన రెండింటిని బిగించి పంపేవారు. కొన్ని గిటార్లలో అవి అద్భుతంగా కుదిరాయి. కుదిరినవాటిని కొలిచి, ఆ పొందికను మళ్లీ మళ్లీ రాబట్టే ప్రయత్నమే నేడు మనం డబ్బు పెట్టి కొనే జత.

ఆ పొందిక విషయంలో ఫిఫ్టీ నైన్‌ను వంక పెట్టడానికి లేదు. మూడు స్థానాలలోనూ గిటారు ఒకే మనిషి మూడు స్థాయులలో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. మధ్య స్థానంలో తీగలను విడివిడిగా మీటుతూ వాయిస్తే ఒక్కొక్క స్వరం గంట కొట్టినట్టు విడిపడి వినిపిస్తుంది. పాత పాటలకు, నెమ్మదైన ఆరాధన గీతాలకు ఇంతకన్నా కోరుకోవలసింది లేదు. ఇంట్లో చిన్న యాంప్ మీద విన్నప్పుడు మూడింటిలోకీ నాకు ఎక్కువగా నచ్చింది కూడా ఇదే. పెళ్లి పందిట్లో మాత్రం దీనితో ఇబ్బంది పడ్డాను. కీబోర్డు ఎడమ చేయి, బేస్ గిటారు, పెద్ద పెద్ద సబ్ స్పీకర్లు కలిసి మోగే చోట ఫిఫ్టీ నైన్ నెక్ పికప్‌లోని నిండైన బేస్ వాటిలో కలిసిపోయి, పై ఆక్టేవ్‌లో తప్ప సోలో తెలియలేదు. బ్రిడ్జి పికప్ కూడా వేగంగా సాగే సినిమా పాటల లీడ్‌కు కావలసినంత నిలకడను ఇవ్వలేదు. అది పికప్ లోపం కాదు, అడగకూడని పనిని దానిని అడిగాను.

మూడవ జత జేబీ, జాజ్. వీటిని హాట్ రాడెడ్ సెట్ అన్న పేరుతో కలిపి అమ్ముతారు. బ్రిడ్జికి వచ్చే జేబీ సుమారు 16 కిలో ఓములు, నెక్‌కు వచ్చే జాజ్ సుమారు 8 కిలో ఓములు. అంకెలు మాత్రమే చూసేవారు ఈ రెండూ పొసగవని తేల్చేస్తారు, నేనూ మొదట అలాగే అనుకున్నాను. వాయించి చూస్తే పొసిగాయి. జేబీలో మధ్యస్థాయి ముందుకు తోసుకొచ్చి, యాంప్‌ను కాస్త కసిరినట్టు పలుకుతుంది. జాజ్‌లో బేస్ బిగువుగా, పై స్వరాలు తేటగా ఉండడం వల్ల, బలం తక్కువైనా అది వెనకబడినట్టు వినిపించదు. ఫిఫ్టీ నైన్ నెక్ పికప్ మునిగిపోయిన అదే పందిట్లో, అవే స్పీకర్ల ముందు, జాజ్ ప్రతి స్వరాన్నీ ఒడ్డుకు చేర్చింది. ఒకే కంపెనీవి కాబట్టి ఫేజ్ బెడద లేదు. రెండింటికీ నాలుగు వైర్లు ఉన్నాయి కాబట్టి, ఎప్పుడైనా ఒక్కొక్క చుట్టను మాత్రమే వాడుకోవాలన్నా వీలుంది. అప్పుడు ఒకదానిలో స్క్రూల వైపు చుట్ట, మరొకదానిలో రెండవ వైపు చుట్ట పనిచేసేలా వైర్లు కలిపితే మధ్య స్థానంలో హమ్ రాదు.

జేబీ అందరికీ నచ్చుతుందని చెప్పను. 500 కిలో ఓముల వాల్యూమ్ పాట్‌తో (వాల్యూమ్ నాబ్ కింద ఉండే భాగంతో) దాని ఎగువ మధ్యస్థాయి కొందరి చెవికి గుచ్చుకుంటుంది. హంబకర్లకు 500, ఒకే చుట్ట ఉండే సింగిల్ కాయిల్‌కు 250 అన్నది సాధారణ నియమమే అయినా, జేబీకి 250 పెట్టి మెత్తబరచుకునేవారు ఉన్నారు. నేను 500నే ఉంచి, టోన్‌ను కొద్దిగా తగ్గించి వాయిస్తున్నాను. కొనేముందు మరొక కొలత కూడా చూసుకోవాలి. నా గిటారు బ్రిడ్జి దగ్గర మొదటి తీగ నుంచి ఆరవ తీగ వరకు దూరం సుమారు 52 మిల్లీమీటర్లు, అందువల్ల జేబీలో ఒక్కొక్క తీగ కింద ఉండే స్క్రూల మధ్య ఎడం ఎక్కువగా ఉండే ట్రెంబకర్ రకం తెప్పించుకున్నాను. ఇది పట్టించుకోనక్కరలేని తేడా అనుకునేవారుంటారు. కాని మన పాటల్లో తీగను లాగి గమకం పలికించకుండా ఒక్క చరణం కూడా నడవదు. అంచున ఉన్న తీగ మొదటి నుంచే స్క్రూకు పక్కగా ఉంటే, లాగినకొద్దీ స్వరం సన్నగిల్లే అవకాశం ఉంటుంది. నాలుగు జంట తీగలుండే మాండలిన్‌ను ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ వాద్యంగా మార్చుకుని, దాని మీద గమకాలు పలికించిన శ్రీనివాస్ పుట్టింది ఆ పాలకొల్లులోనే. తీగ ఎంత దూరం సాగినా స్వరం సడలకూడదన్న పట్టుదల ఈ ప్రాంతపు చెవికి సహజమని నేను నమ్ముతాను.

కొత్త పికప్‌లతో తీరనిది కూడా ఒకటి ఉంది. పెళ్లి పందిట్లో జనరేటర్, సీరియల్ బల్బులు, ఎల్ఈడీ తెరలు అన్నీ ఒకే లైను మీద నడుస్తుంటాయి. కరెంటు మోసుకొచ్చే 50 హెర్ట్‌జ్ హమ్‌ను హంబకర్ తన రెండు చుట్టల మధ్య చాలావరకు రద్దు చేస్తుంది. అయినా తీగల మీద నుంచి చెయ్యి తీయగానే జుయ్యిమంటుంటే, అది ఎర్తింగ్‌దో కవచానిదో తప్పు. దానికి రాగి రేకు టేపు, శ్రద్ధగా వేసిన టంకం కావాలి గాని కొత్త పికప్ కాదు.

సింగిల్ కాయిల్ గిటార్లలో ఏరి కలపడం ఇంకా జాగ్రత్తగా చేయవలసిన పని. భీమవరంలో ఉండే మా పిన్ని కొడుకు తన మూడు పికప్‌ల గిటారులో మధ్యది పాడైతే, పాత పద్ధతి పికప్ ఒకటి తెచ్చి అక్కడ పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి, ఐదు స్థానాల స్విచ్‌లో మధ్యది పక్కదానితో కలిసి పలికే రెండు, నాలుగు స్థానాల్లో అంతకుముందు లేని హమ్ మొదలైంది. ఈ రోజుల్లో చాలా సెట్లలో మధ్య పికప్‌ను తీగ చుట్టే దిశనూ, అయస్కాంతాన్నీ రెండింటినీ తిరగేసి చేస్తారు కాబట్టి, పక్కదానితో కలిసినప్పుడు హమ్ కొట్టుకుపోతుంది. అటువంటి చోట ఒక్కదానినే మార్చాలంటే తిరగేసి చుట్టినదా కాదా అని అడిగి తెచ్చుకోవాలి. అది తెలియనప్పుడు మూడింటినీ సెట్‌గా కొనడమే మేలు.

నన్ను అడిగితే, ఒకే రకం సంగీతాన్ని చిన్న వేదికల మీద వాయించేవారికి ఫిఫ్టీ నైన్ జత చాలు. చర్చికీ ఆర్కెస్ట్రాకూ ఒకే గిటారు మోసుకెళ్లేవారు జేబీ, జాజ్ తీసుకోవచ్చు. నా మొదటి ప్రయత్నంలా రెండు కంపెనీలవి కలపాలన్న ఉత్సాహం ఉన్నవారు, మంచి మెకానిక్ అందుబాటులో ఉంటేనే ఆ పని మొదలుపెట్టాలి.

బిగించిన తర్వాత ఎత్తు సర్దుకోవడానికి ఒక సాయంత్రమంతా కేటాయించాలి. చివరి ఫ్రెట్ దగ్గర తీగలు నొక్కిపట్టి, పికప్‌కూ తీగకూ మధ్య రెండు మిల్లీమీటర్ల సందుతో మొదలుపెట్టి, స్క్రూను అర చుట్టు చొప్పున తిప్పుతూ, ప్రతిసారీ స్విచ్ మూడు స్థానాలూ వినాలి. నా గిటారులో జేబీ మొదట అనుకున్న ఎత్తు కన్నా ఒకటిన్నర చుట్లు కిందికి దిగాకే జాజ్‌తో సమానంగా పలికింది. తీసేసిన పాత పికప్‌ల వైర్లను కత్తిరించకుండా, సిలికా జెల్ పొట్లంతో కలిపి మూత గట్టిగా పడే డబ్బాలో దాచాను. మా వైపు కాలవ గట్టు గాలికి, ఒక్క వానాకాలం బయట ఉంటే చాలు, స్క్రూల తలలన్నీ తుప్పు పట్టిపోతాయి.