ఫైలు ఎవరి టేబుల్ మీదుందో చెప్పించే దరఖాస్తు: చాన్నాళ్లు వాడాక నా అభిప్రాయం

మాది టెక్కలి డివిజన్‌లో ఒక పల్లె. అమ్మ పొలం మ్యుటేషన్‌తో (రికార్డులో పేరు మార్పుతో) మొదలుపెట్టి ఏళ్లుగా సమాచార హక్కు చట్టం (2005) వాడుతున్నాను. పని అవ్వకపోవడం కన్నా ఎవర్ని అడగాలో తెలియకపోవడమే మనిషిని తినేస్తుంది. వీఆర్వో సర్వేయర్ని కలవమంటాడు, సర్వేయర్ డీటీ (డిప్యూటీ తహసీల్దార్) గార్ని అడగమంటాడు, డీటీ గారు మీటింగ్‌లో ఉంటారు.

సోమవారం శ్రీకాకుళం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కి అర్జీ ఇవ్వండి, తప్పులేదు. కానీ ఆ కాగితం తిరిగి సంబంధిత ఆఫీసుకే వస్తుంది కాబట్టి, పని ఎక్కడ ఆగిందో తెలుసుకుని రాస్తే దానికి బలం ఉంటుంది.

అందుకే ముందు సమాచార దరఖాస్తు. "ఎందుకు చేయలేదు" అని రాయకండి, రికార్డులో ఉన్నదే ఇస్తారు. "ఫలానా తేదీ నా అర్జీ మీద ఏ రోజు ఏ అధికారి ఏం రాశారు, ఇప్పుడు ఎవరి దగ్గరుంది, నోట్ ఫైల్ నకలు ఇప్పించగలరు" అని రాయండి (నోట్ ఫైల్ అంటే అర్జీ మీద అధికారులు రాసుకున్న కాగితాలు). మన ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. దారిద్య్రరేఖకు దిగువనున్నవాళ్లకు ఎక్కడా లేదు. నాకు బాగా నచ్చింది సెక్షన్ 6(3): సమాచారం వేరే ఆఫీసులో ఉంటే, మన కాగితాన్ని 5 రోజుల్లో అక్కడికి వాళ్లే పంపాలి. సరైన మనిషిని వెతికే బరువు మన మీద నుంచి దిగిపోతుంది.

నాకొచ్చిన నకల్లో "సర్వే రిపోర్టు కోసం" అని ఒక్క ముక్క, కింద సంతకం, తేదీ. అది పట్టుకుని సర్వేయర్ దగ్గరికెళ్తే ఆయన రిజిస్టర్ తీసి చూపించారు, అసలు ఆ మెమో ఆయన దాకా రానేలేదు! ఆ నకలు జతచేసి తహసీల్దార్ గారికి అర్జీ పెట్టాక కొలతలు జరిగాయి.

ఇది సమాచారమే ఇస్తుంది, పని చేయించదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే అదే ఆఫీసు పై అధికారికి సెక్షన్ 19(1) కింద మొదటి అప్పీలు పెట్టాలి, అది పెట్టడానికీ 30 రోజులే గడువు. మన దరఖాస్తు చూసి మొహం చిట్లించేవాళ్లూ ఉంటారు, టెన్షన్ పడొద్దు, కారణం చెప్పాల్సిన పని లేదని చట్టంలోనే ఉంది. లాయరు కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి (ఫోన్ 15100). ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచితం. చేతికిచ్చినా, స్పీడ్ పోస్టులో పంపినా ఇన్‌వర్డ్ నంబరో (ఆఫీసు రిజిస్టర్లో మన కాగితానికిచ్చే నంబరు) రసీదో మాత్రం వదలకండి, అప్పీలుకి అదే ఆధారం.